కిటికీ పిడి

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యలో నవ్వకూడదు. ఒమన్ దేశపు ఇబ్రా ఎండకు కాకి నీడ నేలకు అతుక్కుపోతే, కాకి ఎంత లాగినా ఊడిరాక, నీడను వదిలేసి ఎగిరిపోవడం ఈ కళ్ళతో చూసినవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తేల్చండి, మీసం తీసేస్తాను.

ఇబ్రా ఊరి చివర ఒక లేబర్ క్యాంపు. అందులో ఒక రేకుల గది. గదిలో ఏడుగురు. డ్యూటీ నుంచి బస్సు దిగగానే బూట్లు విప్పి, బకెట్లతో స్నానాలకు వరస కట్టి, కుక్కర్‌లో బియ్యం పడేసి, ఆ తరవాత కిటికీ తెరిచేవాళ్ళు. కిటికీ అవతల జానెడు దూరంలో పక్క గది గోడ. కానీ ఊడివచ్చే ఇనప పిడిని తగిలించి ఎవరు తిప్పితే వాళ్ళ ఊరు కనిపించేది. ఆ ఊరి గాలి లోపలికి వచ్చేది, మాటలు వినిపించేవి. అవతలివాళ్ళకు మాత్రం వీళ్ళు కనపడరు. రోజుకు ఒక్క ఊరే, అక్కడివాళ్ళు పడుకునేదాకా. క్యాంపు బాస్ తబ్రేజ్‌కు ఇందులో ఒకటే అభ్యంతరం: "అరే భాయ్, ఏసీ నడుస్తుంటే కిటికీ తెరుస్తారా? కరెంటు ముఫ్త్‌గా వస్తుందా?"

ఏడుగురిలో ఐదుగురిది జగిత్యాల దగ్గర ఒకటే ఊరు. వాళ్ళకు పెద్ద రఘుపతి మేస్త్రీ. ఒంటి చేత్తో కాంక్రీటు మిక్సర్ ఎత్తి పక్కన పెట్టేవాడు. రెండో చేతిలో చాయ్ గ్లాసు ఉండేది, చుక్క ఒలికేది కాదు. ఆరోవాడు కడప ఓబయ్య. ఏడోవాడు సిరిసిల్ల అవతలి పల్లె నుంచి వచ్చిన ఇస్తారి.

ఏ ఊరు చూడాలో రోజూ చేతులెత్తి తేల్చుకునేవాళ్ళు. లెక్కలో మోసమేమీ లేదు. రోజూ ఐదు చేతులు లేచేవి, రోజూ జగిత్యాల పల్లే కనిపించేది. ఆ ఊరి కుక్కల పేర్లు కూడా ఇస్తారికి వచ్చేశాయి. తన ఇంటి గోడ రంగు మాత్రం మరిచిపోతున్నాడు. పోయినసారి అడగకుండా వీసా పొడిగించుకున్నప్పుడు భార్య శాంతమ్మ ఒకే మాట అంది: "నువ్వు వచ్చే దినం చెప్పేటందుకైతేనే ఫోన్ చెయ్యి." ఆనాటి నుంచి అతను చేయలేదు, ఆమె చేయలేదు. గదిలో అందరూ ఫోన్లలో నవ్వుతుంటే ఇస్తారి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మార్పు మొదలుపెట్టింది రఘుపతే. పిడి మొలలో దోపుకుని తిరిగే రఘుపతే!

"మొన్నటిసంది నేను మా వాకిలి దిక్కే తెరుస్తున్న," అన్నాడు ఒక సాయంత్రం. "ఒక్కడు గూడ అడ్డం చెప్పలే. గదే నాకు బుగులైతున్నది, భయమైతున్నది. నా చేతికి గూడ కట్లుండాలె."

"నువ్వు మంచోనివి మామా, నీకు కట్లెందుకు?" అన్నాడు వాళ్ళ ఊరి కుమార్.

"మంచిగున్నప్పుడే కట్టుకోవాలెరా. చెడ్డోడు కట్టనిస్తడా?"

అమెరికా దేశం పుట్టినప్పుడు కూడా ఇదే గొడవ. రాజు పీడ వదిలించుకున్న పెద్దమనుషులు ఒక ఎండాకాలమంతా కిటికీలు మూసుకుని వాదించుకున్నారు. మంచి రాజు దొరుకుతాడని ఎదురుచూడలేదు, మంచివాడి చేతికీ హద్దు గీశారు. పెద్ద రాష్ట్రాలు తలలు లెక్కపెట్టమన్నాయి, చిన్నవి రాష్ట్రాలు లెక్కపెట్టమన్నాయి, చివరికి ఒక సభ అలా, ఒక సభ ఇలా. గొప్పే, కాదనను. కానీ వాళ్ళ ఎండ మా ఇబ్రాలో చలికాలం కిందికి వస్తుంది, పైగా మావాళ్ళు వాదించింది కిటికీ తెరవడానికి!

"తలకాయలు లెక్కబెడితే నాకేం మిగుల్తాది సామీ?" అన్నాడు ఓబయ్య. "ఒక్కడుండేది ఊరు గాదా?"

"మరి ఒక్కని కోసం ఐదుగురం కూసోవాల్నా?" కుమార్ లేచాడు.

ఆ వాదన సాగిన తీరుకు కుక్కర్‌లో బియ్యం అన్నమై, అన్నం సంగటై, సంగటి అట్టయింది. చివరికి తేలింది: మిగతా రోజులు తలల లెక్క. శుక్రవారం మాత్రం ఊళ్ళ లెక్క, ఒక్కడున్నా ఒక వంతు. పిడి రఘుపతి దగ్గరే ఉంటుంది కానీ, ఎవరిది వంతైతే వాళ్ళ చేతిలో పెట్టడమే అతని పని. వంతు మార్చే అధికారం లేదు.

ఇస్తారి వంతు వచ్చిన శుక్రవారమే రఘుపతి కూతురు నవీన పెళ్ళి. కంపెనీ సెలవివ్వలేదు. సాయంత్రం బారాత్. మర్నాడు పొద్దున ఆఫీసుకు పోయి మరో రెండేళ్ళకు సంతకం పెట్టేయాలని ఇస్తారి నిశ్చయించుకున్నాడు. ఎవరికోసం పోవాలి గనక?

"ఇస్తారన్నా," అన్నాడు కుమార్, "పెండ్లి మళ్ళొస్తదా? నీ వంతు మళ్ళా తీస్కోరాదే."

"తీస్కోండ్రి. నా కోసం కిటికీల ఎవలు నిలబడ్డరు?"

రఘుపతి పిడి చేతిలోకి తీసుకున్నాడు. ఒంటి చేత్తో మిక్సర్ ఎత్తినవాడు ఆ మూరెడు కూడా లేని ఇనుమును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గిది ఇచ్చుడు గాదు ఇస్తారీ. ఐదుగురు అడిగితే ఒక్కడు సరే అన్నది సరే కిందికి రాదు."

పిడి ఇస్తారి చేతిలో పెట్టి బయటికి పోయాడు. నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఫోన్‌లో వీడియో పెట్టుకుంటే, సిగ్నల్ అందక కూతురి ముఖం ముక్కలుగా నిలిచిపోయింది. అతను ఆ ముక్కలనే చూస్తూ కూర్చున్నాడు.

లోపల ఇస్తారి పిడి తిప్పాడు. తడిసిన మట్టి వాసన వచ్చింది. శాంతమ్మ గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోన్. పక్కింటి కవిత గోడ మీదుగా తొంగి చూస్తోంది.

"కవితా, ఒకసారి నా ఫోన్‌కు కొట్టు. కరాబైందేమో."

"నిన్న గూడ కొట్టిన గద వదినా."

"కొట్టవే."

ఫోన్ మోగింది. ఆగిపోయేదాకా శాంతమ్మ విన్నది.

"మంచిగనే ఉన్నది. మరి నువ్వే చెయ్యరాదు?" అంది కవిత.

"వచ్చే దినం ఆయన చెప్పాలె. నేనేమని చెయ్యాలె?"

ఇస్తారి వేళ్ళు ఎప్పుడు నొక్కాయో ఇస్తారికే తెలియదు. కిటికీ అవతల ఫోన్ మళ్ళీ మోగింది.

"మళ్ళెందుకు కొట్టినవే?"

"నేను కొట్టలే వదినా!"

శాంతమ్మ ఫోన్ చెవిన పెట్టుకుంది. ఇస్తారి ఫోన్ పట్టుకుని కిటికీలోకే చూస్తున్నాడు. ఓబయ్య వీపు మీద ఒక్కటిచ్చాడు. "మాట్లాడు సామీ!"

"వస్తున్న," అన్నాడు ఇస్తారి. "ఈ నెలల్నే."

మర్నాడు ఆఫీసుకు పోయి, సంతకం పెట్టనని చెప్పి వచ్చాడు. అంతకుముందు, ఆ శుక్రవారం సాయంత్రం, 'వస్తున్న' అన్న మాట వినగానే శాంతమ్మ ఫోన్ చెవిన పెట్టుకునే, ఎవరూ లేని పెరటి గోడవైపు, సరిగ్గా ఇస్తారి కిటికీ ఉన్న దిక్కుకే తిరిగి, కొంగు సర్దుకుని నిలబడిందట. నా మాట మీద అనుమానముంటే సిరిసిల్ల అవతల ఆ పల్లెకు పోండి. కళ్ళారా చూసిన మనిషి ఉంది. పేరు కవిత.