ఫ్లోరైడ్ లేని గొట్టం

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బుజ్జి ముందుగదిలో ప్రొజెక్టర్‌తో గోడ మీద తన ప్రయోగం ఫలితాలు చూపించింది. అందులో తప్పుంది. వంటగది గుమ్మంలో నిలబడి కప్పులు తుడుస్తున్న వదిన ఆ తప్పు చూసింది. చెప్పలేదు.

బుజ్జి ఆమెకు ఆడపడుచు. ఇద్దరూ మొక్కల పరిశోధన సంస్థలో, ఒకే ల్యాబ్‌లో పనిచేస్తారు. ఇద్దరికీ డాక్టరేటు ఉంది. బుజ్జి పరిశోధన చేస్తుంది. వదిన మధ్యాహ్నం దాకా ఉండి మొలకలు పెంచుతుంది, రసాయనాలు తెప్పిస్తుంది, ఆ తర్వాత స్కూలుకు వెళ్ళి తన కూతుర్నీ, బుజ్జి కొడుకునీ ఇంటికి తెస్తుంది. బుజ్జి ఇంటి పిలుపును ల్యాబ్‌కి మోసుకొచ్చాక అక్కడి కుర్రాళ్ళందరికీ కూడా ఆమె వదిన గారే అయింది. సంస్థలో ఒక పర్మనెంట్ పోస్టు పడింది. అక్కడ పనిచేసేవాళ్ళెవరైనా సోమవారంలోగా పేరివ్వచ్చు. ఇంటర్వ్యూ గురువారం. బుజ్జి ఇంట్లోవాళ్ళ ముందు రిహార్సల్ వేస్తోంది.

"పూల వాసన, టమాటా ఎరుపు, రబ్బరు పాలు, మొక్క ఎదగడానికి కావలసిన హార్మోన్లు కొన్ని, ఇవన్నీ ఒకే రకం ఇటుకతో కట్టినవి," అంది బుజ్జి. "ఆ ఇటుక ఐసోప్రీన్. ఎన్ని ఇటుకలు తయారవ్వాలో తేల్చే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని మొక్క ఎలా అదుపులో పెడుతుందన్నది నా ప్రశ్న. చీకట్లో పెంచిన మొలకల్ని వెలుతుర్లో పెట్టి చూశాను. ఎంజైమ్ పని తగ్గలేదు. అంటే దానికీ వెలుతురుకీ సంబంధం లేదు."

"నాక్కూడా అర్థమయ్యేట్టు చెప్పింది చూడు," అంది అత్త.

సంబంధం ఉంది. వదినకు తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె ఇదే ఎంజైమ్ మీద పనిచేసింది, ఇదే తప్పు చేసింది. వెలుతురు పడ్డాక మొక్క ఆ ఎంజైమ్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఎంజైమ్ ఎక్కడికీ పోదు. ఉన్నచోటే ఉండి పని ఆపేస్తుంది. ఫాస్ఫేట్ తీసేస్తే మళ్ళీ మొదలుపెడుతుంది. మొలకల్ని నూరేటప్పుడు మొక్కలోనే ఉండే వేరే ఎంజైములు ఆ ఫాస్ఫేట్‌ను ఊడగొడతాయి. వాటిని ఆపడానికి నూరే ద్రావణంలో ఫ్లోరైడ్ వెయ్యాలి. వెయ్యకపోతే పరీక్ష గొట్టంలో తేలేది మొక్క చేసింది కాదు, మనం నూరడంలో జరిగింది. గోడ మీది బొమ్మ కింద బుజ్జి తన ద్రావణంలో ఏమేం కలిపిందో రాసుకుంది. ఫ్లోరైడ్ లేదు.

ఆ సంగతి వదిన కనిపెట్టిన నెలలోనే కూతురు పుట్టింది. "మొక్కలకేం, ఒకరోజు ఎవరూ చూడకపోయినా ఏడవవు, పిల్ల ఏడుస్తుంది," అంది అత్త అప్పుడు. "ఒక్క ఏడాది ఆగు, ఎంజైములెక్కడికి పోతాయి," అన్నాడు భర్త. బుజ్జికి కొడుకు పుట్టినప్పుడు అదే అత్త, "దానికి బోలెడు పని. వీడు నీ దగ్గరైతే బెంగ పెట్టుకోడు," అంది. వదిన సరేనంది. ఏడ్చే పిల్లాడి మీద ఆమెకు ఏ కోపమూ లేదు. కుళ్ళంతా బుజ్జి మీదే. బుజ్జి చెప్పులేసుకుంటూ 'ల్యాబ్‌కెళ్తున్నా' అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోవడం చూస్తే కుళ్ళు. సోఫాలో అలాగే నిద్రపోతే అత్త వచ్చి దుప్పటి కప్పడం చూస్తే కుళ్ళు. బుజ్జి తెల్లకోటు మీద మరకలున్నాయి. తన కోటు ఉతికింది ఉతికినట్టే ఉంటుంది. ఆ మరకల్ని చూసినా ఒళ్ళు మండేది. పోయిన నెల బుజ్జికి జ్వరం వచ్చి ల్యాబ్ మానేస్తే, మందులు తెచ్చిచ్చింది వదినే, లోపల సంతోషపడిందీ వదినే.

"వదినా, నువ్వు చెప్పు. ఎక్కడైనా తేడాగా ఉందా?"

వదిన తువ్వాలు పక్కన పెట్టింది. నోరు తెరిచింది. ఈలోగా భర్త అందుకున్నాడు.

"దాన్నేం అడుగుతావే? రీసెర్చ్ వదిలేసి తొమ్మిదేళ్ళయింది. ఫ్రిజ్‌లో ఏముందో అడుగు, టక్కున చెప్తుంది."

అత్త నవ్వింది. బుజ్జి కూడా నవ్వింది.

"బాగుంది బుజ్జీ," అని వదిన కప్పులు లోపల పెట్టింది. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

సోమవారం పొద్దున ఇద్దరూ చీకటి గదిలో ఉన్నారు. మొలకలకు తెలియకుండా మనిషికి కనపడేంత ఆకుపచ్చ బల్బు ఒక్కటే వెలుగుతోంది. అరలో ఒక ట్రే మిగిలింది. వదిన పెంచిన మొలకలు.

"ఇది పారెయ్ వదినా. వెలుతురు సంగతి తేలిపోయిందిగా."

"తేలలేదు."

"ఏంటి?"

"ఫ్లోరైడ్ ఏది?"

బుజ్జి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్నే చూశావా?"

"నిన్నే చూశాను."

"మరి బాగుందన్నావు."

"అన్నాను. నీ మీద నాకు కుళ్ళు బుజ్జీ. గురువారం వాళ్ళడుగుతారు, నువ్వు నీళ్ళు నములుతావు అనుకుని సుఖంగా పడుకున్నాను."

"ఇప్పుడెందుకు చెప్తున్నావు మరి?"

"వీటిని పారెయ్యమన్నావు. వీటి మీద నాకు కుళ్ళు లేదు."

"నేను నిన్నెప్పుడైనా ఒక్క మాటన్నానా వదినా?"

"అనలేదు. స్కూలు వదిలాక నీ కొడుకు ఎక్కడుంటాడో ఎప్పుడైనా అడిగావా?"

"అడిగేదేముంది, నీ దగ్గరే కదా."

"అదే."

బుజ్జి రెండు చేతులతో మొహం తుడుచుకుంది. "గురువారంలోపు మళ్ళీ అంతా నూరాలి. నీది అలవాటైన చెయ్యి. నువ్వు చేసిపెట్టవా? చివర్లో థాంక్స్ చెప్తాగా, అక్కడ నీ పేరు కచ్చితంగా పెడతాను."

"థాంక్స్‌లో," అంది వదిన.

ట్రే మధ్యలో స్కేలు నిలబెట్టింది. "ఇటు సగం నీది. అటు సగం నాది. ఎవరివి వాళ్ళు నూరుకుందాం."

"నీకెందుకు వదినా?" అంది బుజ్జి. వెటకారం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

వదిన తన సగానికి చీటీ అంటించింది. బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"ఇవాళ పిల్లల్ని నువ్వు తీసుకురా."

"నాకు మీటింగుంది."

"నాకు పనుంది," అని పెట్టేసింది.

అక్కణ్ణుంచి డైరెక్టర్ గదికి వెళ్ళింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే పలకరించాడు.

"చెప్పమ్మా, ఏం సామాను అయిపోయింది?"

"సామాను కాదు సార్. పోస్టుకు నా పేరు కూడా రాసుకోండి."

ఆయన కళ్ళజోడు తీశాడు.

"మీ ఆడపడుచు కూడా ఉంది కదమ్మా?"

"ఉంది," అంది.

ఆయన రాసుకున్నాడు.