దండేల మధ్య సందు

బంతి కాలి దగ్గరకు రాగానే నా తల వాలిపోయేది. ఆటలోనే కాదు, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా అంతే. నాకు అందినదాన్ని కళ్లతో కాపలా కాయకపోతే పోతుందన్న భయం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఆసుపత్రి ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టులో నన్ను 'నేలచూపులు' అని పిలిచేవారు.

మా కెప్టెన్ అంబులెన్స్ నడుపుతుంది. ఒకరోజు ప్రాక్టీసులో నా దగ్గర నుంచి నాలుగోసారి బంతి పోయాక, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంటే, దాన్ని పొదుగుతున్నావా? అది గుడ్డు కాదు తల్లీ! తలెత్తితే కదా ఎవరు మీదికొస్తున్నారో తెలిసేది."

"చూడకపోతే పోతుందక్కా."

"చూస్తూనే పోగొట్టుకుంటున్నావు కదే! నెల టైమిస్తున్నా. మన ఆసుపత్రి వంటింటి వాళ్లతో మ్యాచ్‌లోపు తలెత్తి ఆడ్డం రాకపోతే మందుల కౌంటర్ పిల్లని తీసుకుంటా. ఏమీ అనుకోకు."

అనుకున్నాను. ఆ జట్టు తప్ప నన్ను రమ్మని పిలిచినవాళ్లు ఎవరూ లేరు.

నేను పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లను డాబా మీద దండేలకు ఆరేయడం, ఎండాక మడతపెట్టి వార్డులకు పంపడం నా పని. మా పై మనిషి పెద్దమ్మ. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పెద్దమ్మే. మధ్యాహ్నం తిన్నాక దుప్పట్ల వరసల మధ్య బంతి ఆడించుకోనా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది.

"రోజూ బంతిని సబ్బుతో కడుగు. మరక పడిందా, ఆ దుప్పటి నువ్వే చేత్తో ఉతకాలి. మెషీన్ ముట్టుకోనివ్వను."

మొదటి రోజు ఏడు దుప్పట్లు ఉతికాను.

మొదటి వారం తల వంచుకునే నడిపాను. కుడిపాదం లోపలి అంచుతో ఒక తాకు, ఎడమతో ఒక తాకు. రెండో వారానికి సందు ఇరుకైనట్టు అనిపించింది. నా భయమే దాన్ని ఇరుకు చేస్తోందనుకున్నాను. మూడో వారానికి రెండు వైపులా దుప్పట్లు భుజాలకు రాసుకుంటున్నాయి. గాలి వీస్తే అంచులు ముందుకొచ్చి నా పాదాలనే దాచేసేవి. వంగి చూడబోతే తడిగుడ్డ చెంప మీద ఛెళ్లుమనేది.

ఇక చూడటం మానేశాను. బంతి బొటనవేలి పక్కన ఉందో, మడమ వైపు జారుతోందో పాదానికి తెలుస్తూనే ఉంది. ఇన్నాళ్లూ నేనే దాన్ని నమ్మలేదు. కళ్లకు వేరే పని దొరికింది. గాలి ఏ దుప్పటిని పక్కకు తోస్తుందో కనిపెట్టి అటు మళ్లేదాన్ని.

ఆ రోజుల్లోనే వార్డు సిస్టరు రెండుసార్లు డాబా ఎక్కి వచ్చి పెద్దమ్మ మీద విరుచుకుపడింది.

"దుప్పట్లు ఇంకా చెమ్మగానే వస్తున్నాయేంటి?"

"ఎండ సరిగ్గా లేదమ్మా."

"ఎండ లేదా?" సిస్టరు చేత్తో కళ్లకు నీడ పట్టుకుంటూ అరిచింది.

పెద్దమ్మ చెమ్మగా ఉన్నవన్నీ వెనక్కి తెప్పించింది. ఆ రెండు రోజులూ మేం ఇళ్లకు వెళ్లాక కూడా అవి ఆరేదాకా ఉండిపోయింది.

మ్యాచ్‌లో వంటింటి జట్టు పొడుగావిడ చేతులు చాపుకుని నా మీదికి వచ్చింది. ఆమె భుజం ఎడమకు ఒరగడం నాకు కనిపించింది, దుప్పటి అంచు కదిలినట్టే. కుడివైపుకు దూరి బయటపడ్డాను. బంతి నాతోనే ఉంది. ఖాళీగా ఉన్న కెప్టెన్ కూడా కనిపించింది. బంతి అందించాను, గోల్ కొట్టేసింది.

రెండు ఒకటితో ఓడిపోయాం. అయినా కెప్టెన్ నా మెడ చుట్టూ చెయ్యేసి అంది, "మొత్తానికి పొదిగావే, పిల్ల బయటికొచ్చింది! వచ్చే మ్యాచ్‌కి లేటుగా వస్తే మాత్రం ఊరుకోను."

మర్నాడు డాబా మీద సందు మళ్లీ విశాలంగా ఉంది. దండేలు కట్టే అడ్డకర్ర దగ్గరకు వెళ్లి చూశాను. తుప్పు పట్టిన పాత మేకుల పక్కన, బెత్తెడు బెత్తెడు దూరంలో, మేకులు పీకేసిన కొత్త చిల్లులు. దండేలు దగ్గరగా కడితే గుడ్డలు ఎండవు. లాండ్రీలో మొదటి రోజు పెద్దమ్మ నాకు నేర్పిన పాఠం అదే.

"దండేలు నువ్వే జరిపావా పెద్దమ్మా?"

ఆమె నోట్లో రెండు క్లిప్పులున్నాయి. తీరిగ్గా తీసి దుప్పటికి పెట్టింది.

"గాలికి జరిగుంటాయిలే."

"మేకులతో సహానా?"

"మా గొప్ప పోలీసువి బయల్దేరావు. పని చూడు."

 నా తల దానంతటదే వాలబోతోందని తెలిసింది. ఆపాను. ఆమె ముఖంలోకి చూశాను. ఎడమ కనుబొమలో చిన్న మచ్చ ఉంది. మూడేళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నాం, అది నాకు తెలియదు.

"థాంక్స్ పెద్దమ్మా. నా కోసం మాటలు పడ్డావు."

"సరే సరే. ఆ కొస పట్టుకో."

తడి దుప్పటిని చెరోవైపు పట్టుకుని దులిపాం. తుంపర మా ఇద్దరి ముఖాల మీదా పడింది. ఆమె కళ్లు మూసుకుని నవ్వింది. నేను చూస్తూనే ఉన్నాను.