పాత కారుకు మూగ క్యాసెట్

టెన్హో కారుకి ఇరవై రెండేళ్లు. ఇంజను గుర్రంలా ఉంది, ఒంటి మీద తుప్పు మచ్చ లేదు. పాటల పెట్టె మాత్రం క్యాసెట్ల కాలంలోనే ఆగిపోయింది. దానికి ఫోను తగిలించే కన్నం లేదు. ఆ కన్నం లేకనే ఇప్పుడు సంసారం వీధిన పడేలా ఉంది.

"నాలుగు గంటల దారి. నీ పక్కన మూగనోము పట్టి కూర్చోవడం నావల్ల కాదు," అని భార్య హిల్కా తేల్చేసింది. "నా ఫోను నవల చదివి వినిపిస్తుంది. అది నీ కారులో వినబడాలి. లేదంటే నడివేసవి పండక్కి చెల్లి వాళ్ల కారులో వెళ్తా."

చెల్లెలి మొగుడు రైనో. తోడల్లుణ్ణి దేవుడు పుట్టించేదే మనల్ని తక్కువ చేయడానికి. ఈ తోడల్లుడికి పైగా కొత్త కరెంటు కారు కూడా ఇచ్చాడు.

"కొత్త పెట్టె పెట్టించుకోవచ్చుగా అన్నా?" అన్నాడు రైనో కంచె అవతలి నుంచి.

"ఆ గూట్లో కొత్తవి పట్టవు."

"అయితే గూడు మార్చు. కారుతో సహా."

టెన్హో పదిహేనో ఏట బడి మానేసి వైర్లు పట్టుకున్నవాడు. రైనో పెద్ద చదువులు చదివాడు, బల్బు మార్చడానికి మనిషిని పిలుస్తాడు.

శనివారం పెట్టె ఊడదీసి, క్యాసెట్ పాట నడిచే దారి వెతికి పట్టుకుని, సన్నటి వైర్లు అతికించి, సిగరెట్ బూడిద గిన్నె పక్కన కన్నం పెట్టాడు. ఫోను తగిలించాడు. చప్పుడు లేదు. లోపల క్యాసెట్ తిరుగుతుంటే తప్ప పెట్టె ఆ దారి తెరవదు. ఒక క్యాసెట్ వేశాడు. నవల వినబడింది, దాంతోపాటే క్యాసెట్లోని పాటా వినబడింది. నవలలో మంచులోంచి శవాన్ని తవ్వి తీస్తుంటే వెనకాల అకార్డియన్ హుషారుగా మోగింది.

"చచ్చినవాడికి పెళ్లా?" అంది హిల్కా.

ఏమీ లేని క్యాసెట్ కావాలి. లాహ్తి ఊరంతా తిరిగాడు. పాత సామాన్ల అంగడిలో టాంగో పాటలున్నాయి, పాస్టర్ల ప్రసంగాలున్నాయి, మౌనం ఎక్కడా అమ్మకానికి లేదు. ఉన్నది చెరుపుదామంటే ఇంట్లో రికార్డరు పోయి పదేళ్లయింది. ఆఖరికి అటక మీద, చనిపోయిన నాన్న పెట్టెలో ఒకటి దొరికింది. మీద నాన్న రాత: "క్రిస్మస్ 1986. అందరి మాటలు." ఆ ఏడు కొత్తగా రికార్డరు కొని, భోజనాల బల్ల నడుమ పెట్టాడాయన.

టెన్హో దాన్ని కారులో పెట్టి అరగంట విన్నాడు. చెంచా రెండుసార్లు కప్పుకి తగిలింది. కుర్చీ ఒకసారి కిర్రుమంది. ఇంక వినక్కర్లేదని ఆపేశాడు. తనవాళ్ల మీద ఆ మాత్రం నమ్మకం ఉంది.

ఒప్పందం ఇదీ: హైనొలా ఊరు దాటాక వచ్చే, కాఫీ దొరికే పెట్రోలు బంకు దాకా పరీక్ష. ముందు వెళ్లే రైనో అక్కడ ఆగుతాడు. తేడా వస్తే హిల్కా కారు మారుతుంది.

బయల్దేరాక నవల గంటలా మోగింది. హిల్కా ఒక బన్ను తీసుకుని తింది, వంక పెట్టలేదు. ఆమె మెచ్చుకోలు అంతకన్నా పైకి ఎప్పుడూ వెళ్లలేదు. నలభై ఒకటో నిమిషంలో ఇన్‌స్పెక్టరు అందర్నీ గదిలో కూర్చోబెట్టి, "హంతకుడు మరెవరో కాదు," అన్నాడు. అప్పుడు కారులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇది తిరుగుతోందా?" అంది ఒక మగ గొంతు.

చాలాసేపటికి ఒక ఆడ గొంతు అంది, "ఏమో."

అప్పటికే హంతకుడి పేరు ఆ మొదటి మాట కింద పడి నలిగిపోయింది. బంకు ఇంకో మూడు కిలోమీటర్లు.

"ఎవరది?"

"మా నాన్న."

"ఆయనకి మాటలొచ్చా?"

"అప్పుడప్పుడూ."

"పద్దెనిమిదేళ్లు ఆయన కోడల్ని. ఒకే ఒక్క దగ్గు విన్నా. అదీ నేను వండిన పులుసు తిని."

"నువ్వంటే ఆయనకి ఇష్టం."

"నీతో అన్నాడా?"

"లేదు."

హిల్కా కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని టెన్హో భయపడ్డాడు. కాదు, నవ్వుతోంది, నోట్లో బన్ను ఉండగానే.

"వెనక్కి తిప్పు," అంది.

టెన్హో ఫోను అందుకోబోయాడు.

"అది కాదు. మీ నాన్నని."

బంకులో రైనో కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. "రా వదినా, సీటు చల్లబెట్టి ఉంచా. ఏం అన్నా, ముసలి పెట్టె గొంతు పెగిలిందా?"

"నువ్వు పద మరిదీ," అంది హిల్కా అద్దం దించి. "మాకింకా రెండో వైపు ఉంది."

"ఏముంది అందులో?"

"వింటేగా తెలిసేది."

రెండో వైపు ఏమీ లేదు. ఫోను సంచిలో పెట్టేసి, నలభై ఐదు నిమిషాలూ ఇద్దరూ ఆఖరుదాకా విన్నారు.