చార్టులో నంబరు లేని వరస

"ఇంకా ఇస్తూనే ఉన్నావా దానికి?" అని అడిగింది పెగ్, దూడల పాక గుమ్మంలో నిలబడి.

ఓర్లా తలెత్తలేదు. బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి దూడలకు పాలపొడి కలుపుతోంది. ఉండ కట్టిందంటే రబ్బరు చన్నులో ఇరుక్కుంటుంది, అందుకని మోచేతి దాకా ముంచి ఉండలు చిదుపుతోంది. కడ్డీల అవతల ఇరవై ఆరు దూడలు మూతులు చాపి ఒకటే గోల. తెల్లవారుజామున అయిదున్నరకు లేచి, ఎనభై నాలుగు ఆవులకు మిషన్లు తగిలించి పాలు తీసి, షెడ్డు కడిగి ఇటు వచ్చింది. ఇంకా టీ చుక్క నోట్లో పడలేదు. అత్తగారు "దానికి" అన్నది ఆవిడ చంకలోనే ఉంది. ఇరవై రెండు నెలల సొర్చా, తల్లిని చూడగానే రెండు చేతులూ చాపి "మూ, మూ" అంటోంది. పాడి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్ల కదా, పాలకు అది పెట్టుకున్న పేరు అదే.

"పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. అంతేగా, పెగ్" అంది ఓర్లా.

"మధ్యాహ్నం ఇచ్చేది నేను చూడలేదనుకోకు. చూడమ్మాయ్, నీకు ముప్పై తొమ్మిది. దీని నోరు తప్పిస్తే గానీ నీ కడుపు పండదు. మా రోజుల్లో ఆర్నెల్లకే ఆవపిండి రాసుకుని మాన్పించేవాళ్లం. ఒక్క రోజు ఏడ్చేవాళ్లు, మర్నాటికి మర్చిపోయేవాళ్లు. శుక్రవారం దీన్ని మా అమ్మాయి మెయివ్ ఇంటికి తీసుకుపోతా. మూడు రోజులు నువ్వు కంటికి కనపడకుండా ఉంటే చాలు, అదే మానేస్తుంది. నీ మొగుడు డోనల్ కూడా సరేనన్నాడు."

"సరేనన్నాడా?"

"ఎందుకనడూ? వాడికి మాత్రం ఇంకో బిడ్డ కావాలని ఉండదా?"

ఓర్లాకూ ఉంది. ఆ మాట ఆమెను ఎవరూ అడగరు గానీ, ఆ ఇంట్లో అందరికంటే ఆమెకే ఎక్కువ ఉంది. ఒక్కతే పిల్లగా పెరిగింది. తండ్రి పోయిన రోజున శవపేటిక పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చిన ఊరి వాళ్లందరికీ చెయ్యి అందిస్తూ, "నాన్న కోపం వస్తే టోపీ ఎలా విసిరేవాడో గుర్తుందా" అని పక్కకు తిరిగి అడగడానికి ఈ భూమ్మీద తనకు ఇంకో మనిషి లేదని తెలిసినప్పుడే గట్టిగా అనుకుంది, తన బిడ్డకు ఈ గతి పట్టకూడదని. అందుకే తొమ్మిది నెలలుగా తేదీలు లెక్కపెట్టుకుంటోంది. నిలిచిన కడుపు ఫిబ్రవరిలో ఏడో వారానికి పోయింది. ఆవులు వరసగా ఈనే రోజులవి. దూడ కాళ్లకు తాడు వేసి లాగుతుండగా నడుములో కలుక్కుమంది. ఇంట్లోకి వెళ్లి స్నానాల గదిలో అరగంట కూర్చుని, బట్టలు మార్చుకుని వచ్చేసరికి డోనల్ మొహం పాలిపోయి ఉంది. "బానే ఉన్నావా?" అని అడిగాడు. బానే ఉన్నానంది. "మరి ఆ యాభై రెండో నంబరు కూడా ఈనేలా ఉంది, కాస్త చూస్తావా?" అన్నాడు. చూసింది. ఏడవడానికి ఏప్రిల్ దాకా తీరిక దొరకలేదు.

నిజంగా పాల వల్లేనా అన్న అనుమానం ఆమెనూ తొలిచేస్తూనే ఉంది. ఉన్న బిడ్డ ఆకలి తీర్చబోయి, రావలసిన బిడ్డను తానే తోసేస్తోందా? కిందటి నెల ఊళ్లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ముందుగా కాగితం నింపాలన్నారు. ఓర్లా పిల్లను ఎత్తుకుని ఉందని డోనలే నింపాడు. అతని వృత్తి ఎదురుగా "రైతు" అని రాశాడు. ఆమె వృత్తి ఎదురుగా "ఇంటిపని". పొద్దున పాలు తీసి, దూడలకు పట్టి, ముగ్గురికి వండి, ఆ కాగితంలో ఆమె ఇంటిపని మనిషి అయింది. తప్పు అతనిది కూడా కాదేమో, అతని తల్లి కాగితాల్లోనూ అరవై ఏళ్లుగా అదే రాస్తున్నారు. డాక్టరమ్మ మాత్రం నిదానంగా చెప్పింది. పాలిస్తుంటే కొందరికి నెలసరి రెండో సగం కురచ అవుతుంది, మానేస్తే మేలు కావచ్చు, మానకుండానే నిలిచిన వాళ్లూ బోలెడు మంది ఉన్నారు, ముందు మీరు తినాలి, నిద్రపోవాలి, బరువు బాగా తగ్గారు అంది. అంత మాటల్లో డోనల్ ఇంటికి మోసుకొచ్చింది "మానేస్తే మేలు" ఒక్కటే. దాన్నే తల్లికి అప్పజెప్పాడు.

ఇక ఆ పాలిచ్చే పది నిమిషాల సంగతి. వంటింట్లో పొయ్యి పక్కన చెయ్యి విరిగిన పాత కుర్చీ ఒకటుంది. సొర్చా ఒళ్లోకి ఎక్కి, ఒక చేత్తో తల్లి చొక్కా గుండీ తిప్పుకుంటూ తాగుతుంది. అప్పుడు మాత్రం డోనల్ "ఓర్లా, ఒక్కసారి రా" అని పిలవడు. పెగ్ చేతికి చీపురు అందించదు. రోజు మొత్తంలో ఆమె కూర్చునేది ఆ కుర్చీలోనే, అప్పుడే. అందరూ కలిసి తన దగ్గర మాన్పించాలని చూస్తున్నది సరిగ్గా ఆ ఒక్క పనినే. మిగతా పనుల్లో ఏ ఒక్కటీ మానమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఈ ఆలోచన తోచగానే ఓర్లాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. బకెట్ ఎత్తుకుని దూడల వైపు నడిచింది. ప్యాంటు జారుతుంటే నడుముకు కట్టుకున్న గడ్డిమోపు తాడును ఇంకో ముడి బిగించింది.

పదకొండింటికి మోస్సీ వచ్చాడు. చుట్టుపక్కల ఆవులకు చూడి కట్టే సూదేసేది అతనే. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆరు వారాలు అతని కారు ఆ రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది. మిగతావి మీదికెక్కి, తోక మొదట్లో పూసిన రంగు ఏ ఆవుకు చెరిగిపోయిందో చూస్తాడు, ఎదకొచ్చిన దానికి సూదేస్తాడు, పాల షెడ్డు గోడకున్న చార్టులో రాసి పోతాడు. ఆ రోజు నాలుగు ఆవులు పట్టి ఉంచారు. పని అయ్యాక మోస్సీ చేతులు కడుక్కుంటుంటే పెగ్ టీ, సోడా రొట్టె పట్టుకొచ్చింది. సొర్చా ఆవిడ పావడా పట్టుకుని వెనకే వచ్చింది. ఓర్లా గొట్టంతో నేల కడుగుతోంది.

మోస్సీ పెన్ను తీసి చార్టు మీదికి వంగాడు. ఒక్కో వరసకు ఒక్కో ఆవు నంబరు. ఎర్ర చుక్క పడితే ఎదకొచ్చినట్టు, నీలం టిక్కు పడితే సూదేసినట్టు, గుండ్రంగా చుడితే చూలు నిలిచినట్టు.

"డోనల్, అట్టడుగున ఉన్న ఈ వరస ఏ ఆవుది? నంబరు లేదే" అన్నాడు.

తలుపు దగ్గర డోనల్ ఏదో సర్దుతున్నవాడు గబగబా వచ్చాడు. "అదా, అదేం లేదు మోస్సీ, వదిలెయ్."

"వదిలెయ్యడమేంటయ్యా! ఒక్కో ఎదకు నాలుగేసి నీలం టిక్కులున్నాయి. నేనైతే వెయ్యలేదు. ఎవణ్ని పిలుస్తున్నావు నాకు తెలియకుండా? ఆ లిస్టోవెల్ ఊరి కుర్రాణ్నా? ఒక ఎదకు నాలుగు సూదులేసేవాడు దొంగ అయినా అయి ఉండాలి, దద్దమ్మ అయినా అయి ఉండాలి."

డోనల్ చెవులు ఎర్రబడ్డాయి. ఓర్లా చేతిలో గొట్టం ఆగింది.

"పైగా ఇరవై ఒక్క రోజులకు రావాల్సిన ఎద ఇరవై అయిదుకు, ఇరవై నాలుగుకు వస్తోంది. ఇదిగో, ఫిబ్రవరిలో గుండ్రంగా చుట్టి మళ్లీ కొట్టేశావు. నిలిచి జారిపోయిందన్నమాట, పాపం." మోస్సీకి పని మీద ఉన్న ప్రేమ అలాంటిది, మొదలుపెడితే ఆపడు. "ఒళ్లెలా ఉంది దానిది? చిక్కిందా?"

పెగ్ అంది, "పాలు ఇంకా ఆగలేదేమో మోస్సీ. పాలిచ్చేదానికి ఎక్కడ నిలుస్తుంది?" ఆవిడకు అప్పటికే అర్థమైందో, మామూలుగా అన్నదో చెప్పలేం.

మోస్సీ పకపకా నవ్వాడు. "పెగ్, డెబ్బై ఏళ్లు పాడి చేసి ఈ మాటా అనేది? ఈ షెడ్డులో ఎనభై నాలుగూ పాలిచ్చేవే. పాలిస్తూనే కదా అన్నీ చూడి కడుతున్నాయి! పాలది కాదు తప్పు. ఒళ్లు లేని దానికి ఎన్ని సూదులేసినా నిలవదు. దాని పాలు ఒంటిపూటే తియ్యాలి. మేత పెంచాలి. దూరం పొలానికి నడిపించకూడదు. కాస్త కండ పట్టనియ్, దానంతటదే నిలుస్తుంది. ఏదీ, చూపించు, ఏ ఆవు?"

"అది ఆవు కాదు, మోస్సీ" అంది ఓర్లా. "నేను."

"యేసూ, మేరీ, జోసెఫ్!" అన్నాడు మోస్సీ. టోపీ తీసేశాడు. ఆమె నడుముకున్న తాడు మీద అతని చూపు ఒక్క క్షణం ఆగింది. అది ఎక్కడ ఆగిందో పెగ్ కూడా చూసింది. "తల్లీ, నన్ను క్షమించు. నాకు తెలిస్తే..." అని, టీ సగంలో వదిలేసి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఓర్లా గొట్టం కట్టేసింది. సొర్చాను ఎత్తుకుని ఇంట్లోకి నడిచింది. వెనకాలే తల్లీకొడుకులు వచ్చారు. మధ్యాహ్నం భోజనానికి బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టే వేళ అది. ఆమె పెట్టలేదు. పాత కుర్చీలో కూర్చుని గుండీ విప్పింది. పిల్ల నోరు పెట్టి కళ్లు మూసుకుంది.

"మరిచిపోతానని రాసుకున్నాను, ఓర్లా. ఆ చార్టులో రాసింది నేనెప్పుడూ ఒక్కటీ మరిచిపోలేదు. ఇంకెక్కడ రాసుకోను?" అన్నాడు డోనల్. అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. తనకు అన్నిటికంటే ముఖ్యమైన చోటే అతను ఆమెను రాసుకున్నాడు. అందుకే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

"యాభై అయిదో నంబరుకు నిలవలేదనుకో. ఏం చేస్తావు?" అని అడిగింది.

"అదేంటి ఇప్పుడు..."

"చెప్పు."

"ఒళ్లు చూస్తాను. చిక్కితే పొద్దుటి పాలు ఆపేస్తాను, దాణా పెంచుతాను. ఇంటి దగ్గరి పొలంలోనే..." అని ఆగిపోయాడు.

"నాకేం చేశావు?"

డోనల్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నీలం టిక్కు పెట్టావు" అంది ఓర్లా.

పెగ్ బల్ల పట్టుకుని నిలబడి ఉంది. "ఫిబ్రవరిలో... ఏ రోజు?" అంది, గొంతు తగ్గించి.

"పంతొమ్మిది. మీ పుట్టినరోజు. కేకు చేయలేదని మీరు నాతో వారం రోజులు మాట్లాడలేదు."

"నాకు చెప్పాల్సిందమ్మాయ్."

"చెబితే ఏమనేవారు?"

పెగ్ నోరు తెరిచింది. తను ఏమని ఉండేదో తనకే వినపడినట్టుంది, మళ్లీ మూసుకుంది. బంగాళాదుంపల సంచి దగ్గరికి వెళ్లి, వంగి, ఒక్కొక్కటే గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. ఆ వంటింట్లో ఆవిడ దుంపను ముట్టుకుని మూడేళ్లయింది.

ఓర్లాకు భయం వేసింది. ఇప్పుడు తను అనబోయేది అంటే రేపటి నుంచి ఈ ఇంట్లో ఏ పనీ ఇదివరకులా నడవదు. తప్పు తనదే అయితే, నిజంగానే పాలే అడ్డం అయితే, జీవితాంతం ఈ మాట తన మెడకు చుట్టుకుంటుంది. అయినా అంది.

"శుక్రవారం సొర్చా ఎక్కడికీ వెళ్లదు. దానికి ఎప్పుడు మానాలనిపిస్తే అప్పుడే మానుతుంది, లేదంటే నాకు మాన్పించాలనిపించినప్పుడు. మూడో మనిషికి ఇందులో పని లేదు. రేపటి నుంచి పొద్దుటి పాలకు నేను రాను. మనిషిని పెట్టుకుంటావో, నువ్వే తీసుకుంటావో నీ ఇష్టం. దూడల సంగతి నువ్వూ మీ అమ్మా చూసుకోండి. నేను ఏడున్నరకు లేస్తాను. వేడి వేడిగా టీ తాగుతాను, కూర్చుని."

డోనల్ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. ఎనభై నాలుగు ఆవులు, ఇద్దరు మనుషుల పని, అతని పెదాలు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి. మొండి మనిషి కాదు. ఏదైనా ఒక పద్ధతిలో చెబితే అతనికి ఎక్కుతుంది. తల ఊపాడు.

"సరే. పొద్దుటి పాలు నేను చూస్తాను. న్యాయమే అది" అన్నాడు. ఆ వెంటనే జాగ్రత్తగా అడిగాడు, "ఎన్నాళ్లు, ఓర్లా? నిలిచేదాకానా?"

సొర్చా పాలు తాగడం ఆపి తల్లి మొహంలోకి చూసింది. ఓర్లా దాన్ని రెండో వైపుకు మార్చుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.

"నిలిచినా, నిలవకపోయినా" అంది.