బానెట్టు పట్టిన చెయ్యి

పొద్దున్నే వాకిలి ఊడ్చి, టీ కాచి, మొగుడికో గ్లాసిచ్చి తనో గ్లాసు తాగేసి, కుచ్చెళ్లు పైకి దోపుకుని దేవకుమారి షెడ్డులోకి వచ్చేది. షెడ్డంటే వేరే ఎక్కడో కాదు. ఏలూరులో పవర్‌పేట స్టేషన్ అవతల, వాళ్ల ఇంటి ముందు దింపుకున్న రేకుల పంచే. ఆవిడ మొగుడు వరదానం అందులో పాత కార్లు బాగుచేస్తాడు. వచ్చిన కారు బానెట్టు పైకెత్తి, అరచెయ్యి కింద ఆనించి, పని అయ్యేదాకా ఆవిడ అలా నిలబడేది.

దేవకుమారి ఎత్తిన వస్తువుకి బరువుండదు. చిన్నప్పుడు కొల్లేటి లంకలో, పుట్టింట్లో, నీళ్ల బిందెతో మొదలైంది అది. ఎత్తినంతసేపూ ఆ బరువు ఆవిడ ఒంట్లోకి వచ్చేసేది. దించగానే మళ్లీ వస్తువుకి వెళ్లిపోయేది. కాకపోతే మొత్తం వెళ్లేది కాదు. నెయ్యి వంపేశాక గిన్నెకి కాస్త అంటుకుని ఉండిపోతుందే, అలా రవ్వంత ఆవిడలో మిగిలిపోయేది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఎన్ని కార్ల రవ్వలు చేరాయో ఆవిడకే తెలీదు. చూడ్డానికి మునక్కాడలా ఉండేది. షేర్ ఆటో సుబ్బారావు మాత్రం ఆవిడ ఎక్కగానే, "ఇంక చాలండమ్మా, దేవకుమారిగారున్నారు" అని మిగతావాళ్లని దింపేసేవాడు. చర్చిలో ఆవిడకి ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు కాదు. లంకకి వెళ్తే పడవవాడు నట్టనడుమ కూర్చోబెట్టేవాడు. అదొక వింతని ఎవరూ అనుకోలేదు.

ఆ షెడ్డంటే ఆవిడకి ప్రాణం. అక్కడైతే రోడ్డు కనపడేది, మనుషులు పలకరించేవారు. "ఏవండీ దేవకుమారిగారూ, మా బండి ఎప్పటికవుద్దండీ?" అని ఆవిడ్నే అడిగేవారు. స్పానరు అందించడం వరకూ వరదానం ఒప్పుకునేవాడు. దాంతో ఓ మర తిప్పబోతే, "నీకెందుకే, నువ్వు బానెట్టు చూసుకో" అనేవాడు. ఆవిడ చూసుకునేది.

కొల్లేరు పక్క చేపల చెరువులున్న పాండురంగారావుగారు ఒకరోజు ఎర్ర కారొకటి తెచ్చారు. ఎప్పుడో ఇంగ్లండులో చేసిన స్పోర్ట్సు కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు ఇంత పొడుగు.

"వరదానం, విజయవాడలో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారు. బానెట్టు ఎత్తి ఉంచితే జనం ఇంజను చూడాలి. దీని ఊతకమ్మీ ఎక్కడో పోయింది."

"కమ్మీ ఎందుకండీ, మా ఆవిడుందిగా."

"బానే ఉంది! మీ ఆవిడ్ని రోజంతా కారు పక్కన నిలబెట్టుకుంటే మా ఆవిడ నన్ను గుమ్మంలో నిలబెడుద్ది." షెడ్డులో టీ తాగుతున్నవాళ్లందరూ నవ్వారు. దేవకుమారీ నవ్వింది. "కొత్త కార్ల డిక్కీలకి ఉంటాయి చూడు, గ్యాస్ రాడ్లు. వాటంతటవే లేపి పట్టుకుంటాయి. అవి బిగించు."

లోపల గ్యాసు కూరిన సన్నటి గొట్టాలు అవి. సరైనవి కావాలంటే విజయవాడ నుంచి తెప్పించాలి. వరదానానికి అంత ఓపికేదీ? షెడ్డు వెనక చేపలు తోలి తోలి మూలపడ్డ వ్యానొకటుంది. దాని వెనక తలుపు రాడ్లు ఊడబెరికి తెచ్చాడు.

"ఏవండీ, ఆ తలుపు నేనెత్తానండి. చాలా బరువు. ఈ బానెట్టేమో అప్పడంలా ఉంది. దీనికవి ఎక్కువైపోతాయేమోనండి."

"చెప్పొచ్చావులే. రాడ్డు ఏదైతేనేంటే."

బిగించాడు. బానెట్టు ఎగిరినట్టు లేచింది. వరదానం మురిసిపోయాడు. మూయబోతే మూతపడలేదు. చేతులు రెండూ బానెట్టు మధ్యలో మోపి, ఒళ్లంతా వేసి నొక్కాడు. రాడ్లు దిగలేదు, రేకు దిగింది. బానెట్టు మధ్యలో మంచి పళ్లెమంత గుంట.

సాయంత్రం పాండురంగారావుగారు వచ్చి చూసి, గుంట చుట్టూ వేలు తిప్పారు. "ఎవరు చేశారిది?" అన్నారు.

వరదానం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "మా ఆవిడేనండి. వద్దంటే చెయ్యి పెట్టింది. ఆవిడ చెయ్యి సంగతి తమకి తెలిసిందే కదండీ" అన్నాడు.

నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. దేవకుమారి మొగుడి మొహం చూసింది. ఆయన గుడ్డలోకి చూసుకుంటున్నాడు.

"ఇక నుంచీ ఆవిడ నా కారు దగ్గరికి రాకూడదు. ఆమాటకొస్తే ఏ కారు దగ్గరికీ రానివ్వకు. రేకు సాపు చేయించు. రాడ్లు నేనే తెప్పిస్తాను."

మర్నాడు ఆవిడ వంటింట్లోనే ఉండిపోయింది. వరదానం వ్యాను రాడ్లు ఊడదీసి, రేకు పనివాణ్ణి పిలిపించి గుంట సాపు చేయించాడు. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో సిమెంటు అరుగు మీద కూర్చున్నాడు.

"నొక్కింది ఎవరో మీకు తెలుసు కదండీ."

"తెలిస్తే? నా చెయ్యని చెబితే రేపు ఎవడొస్తాడే? ఇద్దరం ఆకలికి చావాలి. నీకేం పోయింది?"

"షెడ్డు పోయిందండి."

"ఏం చేశావే షెడ్డులో? ఇన్నేళ్లూ ఊరికే నిలబడ్డావు."

ఆవిడ దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆ మాట నిజంగా అన్నారా అని అడుగుదామనుకుంది, అంతే. కానీ చెయ్యి వేసిందే తడవు, ఆవిడలోంచి ఏదో జారడం మొదలెట్టింది. వ్యాను బానెట్ల బరువులు, జీపులవి, అంబాసిడర్లవి, ఏ కారుదో గుర్తులేని రవ్వలూ. మోకాళ్లు తేలికయ్యాయి. నడుం తేలికైంది. చెయ్యి తీసేసరికి ఊపిరి అడుగుదాకా ఆడింది.

వరదానం చుట్ట కోసం లేవబోయాడు. లేవలేకపోయాడు.

ఆయన కేకకి సుబ్బారావు ఆటో ఆపి వచ్చాడు. ఇంకో నలుగురొచ్చి చంకల కింద చేతులేసి లాగారు. మనిషి కదల్లేదు. "ఇంత బరువు ఆవిడ మోసిందన్నమాట" అని సుబ్బారావు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

"నువ్వు లేపవే" అన్నాడు వరదానం.

"లేపుతానండి. పాండురంగారావుగారితో ఉన్న మాట చెప్పండి. చెప్పిన క్షణం లేపుతాను."

విజయవాడ నుంచి రాడ్లు వచ్చిన రోజు పాండురంగారావుగారు వచ్చారు. ఇంకా అరుగు మీదే ఉన్న వరదానాన్ని చూసి, "ఏంటయ్యా, బరువెక్కావా?" అన్నారు, జలుబు చేసిందా అన్నట్టు.

దేవకుమారి గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, వారు వచ్చారు. చెప్పండి."

వరదానం గోడకేసి చూశాడు. ఆయన గొంతులో మాట కదలడం ఆవిడకి కనపడింది కూడా.

"చెప్పడానికేముందే. నొక్కింది నువ్వేగా."

ఆవిడ తల ఊపింది. లోపలికెళ్లి మంచినీళ్ల చెంబూ అన్నం గిన్నే తెచ్చి ఆయన చేతికందేలా పెట్టింది. తర్వాత షెడ్డులోకెళ్లి పనిముట్ల పెట్టెలోంచి స్పానరు తీసుకుంది.

"నువ్వు చెయ్యి పెట్టకమ్మా" అన్నారు పాండురంగారావుగారు గాభరాగా.

"ఎల్లుండేనటగా ప్రదర్శన. ఇంకెవరున్నారండీ?"

ఆయన ఆవిడ చేతులకేసే చూస్తూ పక్కన నిలబడ్డారు, దొంగని కాపలా కాస్తున్నట్టు. దేవకుమారి బానెట్టు కింద అరచెయ్యి పెట్టలేదు. ఓ సరుగుడు కర్ర తెచ్చి ఊతం పెట్టింది. స్పానరు చేతిలో అటూ ఇటూ జారింది. మొదటి మర వంకరగా ఎక్కితే విప్పి మళ్లీ ఎక్కించింది.

"ఏమే" అని వసారాలోంచి పిలుపొచ్చింది.

ఈ మర బిగించి వెళ్దామనుకుంది. బిగించింది. పక్కన ఇంకోటుంది.

"దేవకుమారీ!"

"వస్తున్నానండీ" అంది ఆవిడ మెత్తగా, తల తిప్పకుండా. ఇంకో మర చేతిలోకి తీసుకుంది.