కంద తవ్విన గునపం

నేను ఒక గునపాన్ని. నాలుగున్నర అడుగుల పొడవు, ఆరు కిలోల బరువు. ఒకప్పుడు లారీ ఇరుసుగా ఊళ్లన్నీ తిరిగిన ఇనుము నాది. కోనసీమలో కాలవ గట్టున కొలిమి పెట్టుకున్న వీరాచారి నన్ను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, ఒక కొనను చదును చేసి, రెండో కొనను సూదిగా దిద్దాడు. నన్ను చేతిలో ఆడించి చూసుకుని, "దీనికి వంక పెట్టేవాడు లేడు" అన్నాడు. ఇన్నేళ్లలో నిజంగానే ఎవరూ పెట్టలేదు.

నన్ను తీసుకున్నది ఆ ఊరి చర్చి సంఘం, సమాధుల తోట పని కోసం. మనుషుల తీరు నాకు అక్కడే బాగా తెలిసింది. ఎవరింట్లో ప్రాణం పోయినా ముందు నా కోసమే పరుగెత్తుకొస్తారు. పని కాగానే మొహం తిప్పుకుంటారు. పొరపాటున కాలికి తగిలితే ఇంటికి పోయి తలస్నానం చేసినవాళ్లూ ఉన్నారు. చనిపోయినవాళ్లు లేచే రోజు గురించి ఆదివారం గొంతెత్తి పాడేది కూడా వాళ్లే!

ముప్పై ఏళ్లు నన్ను పట్టిన చేయి యాకోబుది. గోతులు తవ్వడం అతని పని. మాట తక్కువ మనిషి. అతని భార్య ఎస్తేరమ్మకు మాత్రం నేనంటే జంకు లేదు. పెరట్లో కంద నాటే పని వస్తే నన్నే తెమ్మనేది. యాకోబుకు కందంటే ప్రాణం. బచ్చలి వేసి, ఆవ పెట్టి ఆమె ఆ కూర వండిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఒక ఏడు, ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం మర్నాడు, పిడికెడంత కంద ముక్కను నేను తీసిన గుంటలో పెట్టి, పేడమట్టి కప్పింది ఎస్తేరమ్మ. "ఇది కోత పండక్కి చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టేద్దామండి" అంది భర్తతో. వానలు మొదలయ్యేసరికి కంద గొడుగులా ఆకు విప్పింది. ఆ వానల్లోనే ఆమెకు జ్వరం పట్టుకుంది. నాలుగో రోజున కన్ను మూసింది.

గొయ్యి ఇంకెవరితోనైనా తవ్విస్తామన్నారు సంఘ పెద్దలు. యాకోబు ఒప్పుకోలేదు. "నా మనిషికి నేనే తవ్వుకుంటానండి" అన్నాడు. వానకు నానిన మట్టి మెత్తగానే ఉంది. అయినా పోటు పోటుకీ ఆగుతూ, ఆ గొయ్యి పూర్తి చేయడానికి అతనికి పొద్దంతా పట్టింది. సాయంత్రం నన్ను ఇంటి గోడకు ఆనించాడు. ఆపైన నన్నూ ముట్టలేదు, చర్చి గడపా తొక్కలేదు.

చర్చి పాస్టరు అయ్యగారు రెండుసార్లు ఇంటికొచ్చారు. "ఎస్తేరమ్మ ప్రభువు దగ్గర ఉంది యాకోబూ. లేచే రోజు వస్తుంది. నువ్వు నమ్మాలి."

"ముప్పై ఏళ్లు గొయ్యి అంచున నిలబడి ఆ మాటే విన్నానండి అయ్యగారూ" అన్నాడు యాకోబు. "ఎంత చూసినా నాకు మట్టే కనపడింది."

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లారు.

చలికాలం వచ్చింది. కంద ఆకు పసుపుబారి, కాడ మెత్తబడి నేలకు ఒరిగిపోయింది. చర్చిలో తొలి పంట అర్పించే కోత పండగ ముందురోజు కూతురు సువార్త అత్తవారింటి నుంచి వచ్చింది.

"నాన్నా, అమ్మ నాటిన కంద తీద్దాం. రేపు చర్చికి పట్టుకెళ్లాలి."

"ఏటుందమ్మా అక్కడ? కాడంతా కుళ్లిపోయింది. వదిలేయ్."

సువార్త గోడ దగ్గరికి వెళ్లింది. నన్ను రెండు చేతులా ఎత్తి, సరిగ్గా కాడ మొదట్లోకే దించబోయింది. యాకోబు ఒక్క ఉదుటున లేచాడు.

"ఆగాగు! అలా పొడిస్తే దుంప పగిలిపోద్ది. ఇలా తే."

అయిదు నెలల తర్వాత అతని అరచేయి నా మీద పడింది. జానెడు దూరంలో చుట్టూ గాడి తీశాడు. నన్ను ఏటవాలుగా లోపలికి దించి, మోకాలు ఆన్చి మీటాడు. నేల కదిలింది. కింద ఏదో బరువైనది నా మొనకు ఆనింది. రాయి కాదని నాకు వెంటనే తెలిసింది. మరోసారి మీటాడు. మట్టిని చీల్చుకుంటూ కంద పైకి లేచింది. చాటంత వెడల్పు ఉంది, ఒక్క మచ్చ లేదు.

యాకోబు అక్కడే మట్టిలో కూలబడ్డాడు. దాన్ని ఒళ్లోకి తీసుకుని, వేళ్లతో మన్నంతా దులిపాడు. కళ్లనీళ్లు దాని మీదే రాలాయి.

"పిడికెడు ముక్కమ్మా ఇది" అన్నాడు చివరికి. "మీయమ్మ నా కళ్ల ముందే పెట్టింది."

మర్నాడు కందను భుజం మీద పెట్టుకుని, నన్ను చేత్తో పట్టుకుని చర్చికి బయల్దేరాడు. అంతవరకు చర్చి గడప దాటి నేనెప్పుడూ లోపలికి వెళ్లలేదు. నన్ను చూసి ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఒక పెద్దాయన, "ఆ గునపం బయట పెట్టొచ్చు కదా" అని గొణిగాడు. యాకోబు ఆగలేదు. కందను ప్రభువు బల్ల మీద పెట్టి, నన్ను పక్కనే నిలబెట్టి, సంఘం వైపు తిరిగాడు. అంతమందిలో అతను నోరు విప్పడం అదే మొదలు.

"నేను సాక్ష్యం చెప్పడం ఎరగనండి. ఈ గునపంతో మీ అందరి ఇళ్లవాళ్లనీ మట్టిలో పెట్టాను. నా మనిషినీ పెట్టాను. పెట్టడమేగానీ తీయడం నేనెప్పుడూ చూళ్లేదు. అందుకే ఇంకేం లేదనుకున్నాను. నిన్న ఈ కంద తీశాను. పైన అంతా పోయాకే ఇది ఇంత అయ్యిందండి. పెట్టడం వరకే నా పని. తీసే పని ఆయనది. ఆయన మర్చిపోడు."

ఇందాక గొణిగిన పెద్దాయనే ముందుకొచ్చి నా మీద చేయి వేశాడు. ఇనుముకు గర్వం ఉంటుందా అని అడగకండి. నాకుంది.

ఆరేళ్ల తర్వాత యాకోబూ వెళ్లిపోయాడు. ఆడపిల్ల గొయ్యి తవ్వే ఆనవాయితీ ఆ ఊళ్లో లేదు. సువార్త నన్ను అందుకుంటే సంఘ పెద్ద అడ్డొచ్చాడు. "నాన్నను పూడ్చే పని నీకెందుకమ్మా? మేం లేమా?"

"పూడ్చట్లేదండి" అంది సువార్త, నన్ను పైకెత్తుతూ. "నాటుతున్నాను."