కట్ అనేదాకా

పెనుకొండ కోటగోడ కింద నలభైమంది ఆడవాళ్లు పీనుగులై పడుకున్నారు. మే నెల ఎండకు బండలు కాలుతున్నాయి. ఒంటికి పూసిన నెత్తురు బెల్లంపాకంలో రంగు కలిపి చేసింది. చీమలు పట్టి పీకుతున్నా కదలకూడదు. డైరెక్టరు కట్ అనేదాకా ఎవరు కదిలినా షాటు మళ్లీ మొదటినుంచే.

గంగులమ్మ పక్కన ఉలిగమ్మ పడుకుంది. ఇద్దరిదీ ధర్మవరంలో ఒకే వీధి. మరమగ్గాలొచ్చి చేతిమగ్గాలు మూలపడ్డాక ఈ దయ్యం సినిమాలో పనికి రైల్లో వస్తున్నారు. "ఈపొద్దు ఎట్ల సస్తాండావే?" అని ఉలిగమ్మ రోజూ నవ్వించేది.

షాటు మధ్యలో ఉలిగమ్మ గంగులమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు లాగింది. షాటు చెడితే అందరికీ మళ్లీ ఎండే గదా అని గంగులమ్మ కదల్లేదు. ఉలిగమ్మ కాళ్లు కొట్టుకున్నాయి. నోట నురుగొచ్చింది. కెమెరా దగ్గరికొచ్చింది.

"బాగుందమ్మా, అట్లే చెయ్యి" అన్నాడు డైరెక్టరు చంద్రశేఖర్.

కట్ అన్నాక ముప్పైతొమ్మిదిమంది లేచారు. హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోతుంటే ఉలిగమ్మ దారిలోనే పోయింది.

మూడోనాడు మళ్లీ పిలిచారు. గంగులమ్మ మొహానికి రంగు వేస్తూ మేకప్ దేవసహాయం గొంతు తగ్గించి చెప్పాడు. సినిమా మొదట్లోనే ఉలిగమ్మ కొట్టుకున్న ఆ షాటు పెడతారంట. చంద్రశేఖర్ పాత సినిమాను బెంగళూరు కుర్రాళ్లు పదేపదే చూసి, ఒక్కొక్క చావుకూ ఈల వేస్తారంట. ఈ చావుకు హాలంతా ఈలలేనని ఆయన మురిసిపోతున్నాడంట.

గంగులమ్మ రంగు గిన్నె నెట్టేసింది.

పని ఆపాలా వద్దా అని ఆడవాళ్లలో వాదన లేచింది. పోయినామె తిరిగొస్తుందా, ఉన్న పనీ పోతే ఏం తినాలని కొందరు. మనల్ని తీసేసి వేరేవాళ్లను తెచ్చుకుంటారని హిందూపురం కాలేజీపిల్ల వైష్ణవి.

"యాడ తెచ్చుకుంటారమ్మా?" అన్నాడు దేవసహాయం. "మొన్న సచ్చినోళ్లే ఈపొద్దూ సచ్చి పడుండల్ల. మొకాలు మారితే సినిమా అతకదు."

గంగులమ్మ అప్పుడు చెప్పింది. "ఆయమ్మ నా చెయ్యి రెండుసార్లు లాగినాది. నేను పీనుగు మాదిరే పండుకున్న్యా. ఆయప్ప కట్ అనలేదని."

 తిండి గురించి అడిగినామె ముందుగా పోయి బండమీద పడుకుంది. తక్కినవాళ్లు వెనకే పోయారు. ఉలిగమ్మ చోటు ఖాళీగా వదిలారు.

చంద్రశేఖర్ కట్ అన్నాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ అన్నాడు. నవ్వాడు, తిట్టాడు.

"ఆ షాటు మా ముందర తీసెయ్యి సామీ. అప్పుడు లేస్తాం" అంది గంగులమ్మ.

"నా సినిమాతో ఆమె పేరు నిలిచిపోతాది. మీకు తెల్దు."

"నీ సినిమాలో ఆయమ్మకు పేరు యాడుండాది? పీనుగే గదా."

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. చదువుకున్న పిల్లే వీళ్లను చెడగొట్టిందని ముందు వైష్ణవి కాళ్లు పట్టి ఈడ్చారు. వైష్ణవి చెయ్యి గంగులమ్మ చేతిలో ఉంది. ఆ చెయ్యి రెండుసార్లు లాగింది.

గంగులమ్మ ఎవరి మాటకోసమూ చూడలేదు. లేచింది. ఆమెతో పాటు అందరూ లేచారు. నెత్తుటి మొహాలతో అంతమంది ఒక్కసారి మీదికి రాగానే కానిస్టేబుళ్లు వెనక్కి తగ్గారు. అంతలోనే లాఠీలు ఎత్తారు. గంగులమ్మ తల పగిలింది. బెల్లంపాకం మీదుగా అసలు నెత్తురు కారింది.

ఆమెనూ వైష్ణవినీ వ్యానులోకి తోశారు. డ్రైవరు ఇంజను వేశాడు గానీ వ్యాను కదల్లేదు. మిగిలిన ముప్పైఏడుమంది దాని ముందర బారుగా పడుకున్నారు, కళ్లు తెరుచుకుని.